పొలమునుండి విలాసశకటమునకు: నాలుగు చక్రముల చోదన చరిత్ర

వర్షాకాలమున డొంకదారిలో ఎడ్లబండి దిగబడినచో ఏమి జరుగునో గ్రామవాసులకు వేరుగ చెప్పనక్కరలేదు. బండివాడు ఎడ్లను అదలించును. ఎడ్లు మెడలు చాచి లాగును. అయినను బండి కదలదు. అప్పుడు దారిని పోవు నలుగురు వచ్చి, చక్రముల ఆకులు పట్టి బలముగ త్రిప్పుదురు. బండి పైకి వచ్చును. ఎడ్లు ముందునుండి లాగుట ఒకటి, చక్రమును చక్రముగనే త్రిప్పుట వేరొకటి. బండిచక్రము తనంతట తిరుగునది కాదు, లాగుటచేత దొర్లునది. మోటారు శకటమునందు చక్రమే నేలను వెనుకకు త్రోసి, బండిని ముందుకు నడుపును.

అయితే సామాన్యమైన మోటారు కారునందు ఇంజను బలము నాలుగు చక్రములకును చేరదు. రెంటికి మాత్రమే చేరును. తక్కిన రెండును ఎడ్లబండి చక్రములవలె ఊరక దొర్లుచుండును. చక్రమునకు నేలపై గల పట్టు దానిమీద పడిన బరువునుబట్టి యుండును. రెండు చక్రములే త్రోయుచున్నప్పుడు కారు బరువులో ఇంచుమించు సగము మాత్రమే పట్టునకు అక్కరకు వచ్చును. నాలుగును త్రోయునప్పుడు బరువంతయు అక్కరకు వచ్చును. బురదలోను, మంచుమీదను, వానకు తడిసిన దారిలోను ఈ భేదము స్పష్టముగ తెలియును.

ఇంత తేటయైన సంగతిని మోటారు నిర్మాతలు ఎరుగకపోలేదు. ఎరిగియు, దానిని విలాసవంతములైన కార్లలో స్థిరముగ నెలకొల్పుటకు దాదాపు ఎనుబది యేండ్లు పట్టెను. అంతకాలము ఎందుకు పట్టెనో, ఎవరు శ్రమించిరో, ఫలము ఎవరికి దక్కెనో తెలుపునదియే ఈ చరిత్ర.

మొదట చిక్కు ఎక్కడనున్నదో తెలిసికొనవలెను. కళ్ళములో వరుసగ కట్టిన ఎడ్లు పనలు త్రొక్కుచు తిరుగునప్పుడు, నడుమ గుంజకు దగ్గరనున్న ఎద్దు మెల్లగ అడుగులు వేయును. వెలుపలి ఎద్దు వడిగ నడువవలసియుండును. మలుపు తిరుగు కారు చక్రముల స్థితియు ఇదియే. లోపలి చక్రము తక్కువ దూరము, వెలుపలి చక్రము ఎక్కువ దూరము తిరుగును. ముందు చక్రముల జాడయు వెనుక చక్రముల జాడయు ఒకటి కావు. నాలుగు చక్రములు నాలుగు వేరు వలయములపై నడుచును. వాటినన్నిటిని ఒకే వేగమున తిరుగునట్లు బిగించినచో టైర్లు నేలమీద ఈడ్చుకొనిపోవును, ఇరుసులు మెలిపడును, బండి మలుపు తిరుగుటకు మొరాయించును.

చక్రములను వేరు వేగములతో తిరుగనిచ్చు సాధనమునకు డిఫరెన్షియల్ అని పేరు. ఫ్రాన్సు దేశమున ఒనెసిఫోర్ పెక్కర్ అను గడియారముల పనివాడు 1827 ప్రాంతమున ఆవిరిబండి కొరకు దీనిని కల్పించెను. దీని స్వభావము అచ్చముగ కాడివంటిది. నడుమ నొగకు కట్టిన కాడి రెండెడ్లకును బరువును సమముగ పంచును. ఒకటి కొంచెము ముందు, ఒకటి కొంచెము వెనుక నడిచినను బండి సాగును. కాని ఒక ఎద్దు లాగుట మానెనా, కాడి అడ్డము తిరుగును. రెండవ ఎద్దు ఎంత బలముగలదైనను బండి కదలదు. డిఫరెన్షియల్ నందును అంతే. ఒక చక్రము బురదలో పట్టు తప్పినచో, అది వృథాగ గిరగిర తిరుగును. గట్టినేలపై నున్న చక్రము నిలిచిపోవును.

నాలుగు చక్రములను నడుపవలెనన్నచో ముందు ఇరుసున ఒకటి, వెనుక ఇరుసున ఒకటి, రెంటి నడుమ ఒకటి, మొత్తము మూడు డిఫరెన్షియళ్ళు కావలెను. అప్పుడు నాలుగింటిలో ఏ ఒక్క చక్రము జారినను బలమంతయు అటే పోవును. మలుపులో చక్రములకు స్వేచ్ఛ ఇయ్యవలెను. జారునప్పుడు ఆ స్వేచ్ఛను హరింపవలెను. ఈ రెంటిని ఒకే యంత్రము ఎట్లు సాధింపగలదు? ఈ చరిత్రయందలి ముడి ఇదియే.

ముందు చక్రములయందు మరియొక చిక్కు కలదు. అవి దిక్కు మార్చుకొనుటకు ప్రక్కలకు తిరుగవలెను. ఆ తిరుగుటలోనే బలమును కూడ అందుకొనవలెను. మామూలు కీలు వంగినప్పుడు భ్రమణము సమముగ నుండదు, కుదుపు పుట్టును. ఆల్ఫ్రెడ్ జెప్పా అను ఇంజనీరు 1920-30 సంవత్సరముల నడుమ అమెరికాలో గోళీలతో కూడిన కీలును రూపొందించిన పిదప గాని ఈ దోషము తీరలేదు.

ప్రయత్నములు మాత్రము చాల ముందుగనే మొదలయ్యెను. ఇంగ్లండు దేశీయుడు బ్రామా జోసెఫ్ డిప్లాక్ 1893లో ఆవిరియంత్రపు బండికి నాలుగు చక్రముల చోదనమును కల్పించి హక్కుపత్రము పొందెను. 1900లో వియన్నా నగరపు లోనర్ కర్మాగారమున ఫెర్డినాండ్ పోర్షే అను యువకుడు నాలుగు చక్రముల కుండలలోను నాలుగు విద్యుత్తు మోటార్లను అమర్చి ఒక కారును తయారుచేసెను. దానికి ఇరుసుల ముడియే లేదు. కాని బ్యాటరీల బరువే టన్నుకు మించెను. 1903లో హాలండు దేశమున స్పైకర్ సోదరులు ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజనుతో నాలుగు చక్రములను నడుపు కారును నిర్మించిరి. పెట్రోలు కార్లలో ఈ పద్ధతికి అదియే తొలి ఉదాహరణము. ఆ కారు నేటికిని హేగ్ నగరపు లౌమన్ ప్రదర్శనశాలలో భద్రముగ నున్నది. 1907లో జర్మనీయందు డైమ్లర్ సంస్థ, నేడు నమీబియా అనబడు నాటి వలసరాజ్యపు ఇసుకదారులలో తిరుగుటకు, మంత్రి డెర్న్‌బుర్గ్ నిమిత్తము ఇట్టి కారునొకదానిని నిర్మించెను.

ఇవి యన్నియు ఒంటరి ప్రయత్నములుగనే నిలిచిపోయెను. బరువు హెచ్చు, ఖర్చు హెచ్చు, మరమ్మతులు హెచ్చు. సంపన్నుడు కొను కారు పట్టణముల చక్కని దారులలో తిరుగునది; దానికి ఈ బాధ ఏలయని తలచిరి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికా సైన్యముకొరకు 1940-41లో పుట్టిన జీపు నాలుగు చక్రముల చోదనమును లోకమంతటికి పరిచయము చేసెను. యుద్ధానంతరము బొంబాయిలో మహీంద్రా సంస్థ వీటిని కూర్పనారంభించెను. 1952లో సమాజ వికాస పథకము మొదలైన తరువాత బ్లాకు అధికారుల జీపు దుమ్ము లేపుకొనుచు రాని ఊరు మనవైపున అరుదు. కాని జీపులో నడుమ డిఫరెన్షియల్ లేదు. బురద వచ్చినప్పుడు ముందు చక్రములకు బలము తగిలించి, గట్టిదారి వచ్చినప్పుడు ఊడదీయవలెను. గట్టిదారిలో అట్లే నడిపినచో యంత్రము బిగుసుకొనును. నిత్యమును నాలుగు చక్రములతో, చక్కని దారిలోను వడిగ పోదగిన కారు కావలెనన్నచో ఈ పద్ధతి చాలదు.

ఆ కార్యమునకు పూనుకొన్నవాడు కార్ల వ్యాపారమున పేరుపొందినవాడు కాడు. పొలము దున్ను ట్రాక్టరు వలన పేరుపొందినవాడు. హారీ ఫెర్గూసన్ 1884లో ఉత్తర ఐర్లండున డౌన్ మండలమందలి గ్రోవెల్ అను పల్లెలో రైతు కుటుంబమున జన్మించెను. 1909 డిసెంబరు 31వ తేదీన తాను నిర్మించిన విమానముపై ఎగిరి, ఐర్లండున మొదట ఎగిరినవాడయ్యెను. నాగలిని ట్రాక్టరు వెనుక ఊరక ఈడ్చుటకు మారుగ, మూడు చోట్ల తగిలించి నూనె ఒత్తిడితో ఎత్తుచు దించుచు నడుపు పద్ధతిని కల్పించినవాడును అతడే. నేడు మన పల్లెలలో తిరుగు ట్రాక్టర్లన్నిటికి వెనుకనున్నది ఆ మూడు కొక్కెముల అమరికయే. 1960లో మద్రాసున స్థాపితమైన టాఫే సంస్థ తయారుచేసిన మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లపై ఆయన పేరు తెలుగు రైతుల నోటను నిలిచినది.

జారుచున్న దారిలో కారు అదుపు తప్పుటవలన పోవు ప్రాణములను కాపాడవలెనని ఫెర్గూసన్ సంకల్పము. యుద్ధమునకు పూర్వమే పందెపు చోదకులు ఫ్రెడ్డీ డిక్సన్, టోనీ రోల్ట్ అనువారు నాలుగు చక్రముల చోదనముతో పరిశోధన ప్రారంభించియుండిరి. ఫెర్గూసన్ వారితో కలిసి, 1950లో ఇంగ్లండున పరిశోధన సంస్థను స్థాపించెను. ఆస్టన్ మార్టిన్ సంస్థలో పనిచేసిన క్లాడ్ హిల్ అను నేర్పరి ఇంజనీరు వారితో చేరెను. 1953లో తన ట్రాక్టరు సంస్థను కెనడాకు చెందిన మాసీ హారిస్ సంస్థతో కలిపివేసిన పిమ్మట, ఫెర్గూసన్ తన ధనమును, కాలమును ఈ కృషికే హెచ్చుగ వినియోగించెను. నమూనా కార్లు తయారయ్యెను. బ్రిటిషు నిర్మాతలకు వాటిని చూపిరి. మెచ్చుకొన్నవారు కలరు, కొని తయారుచేయుటకు ముందుకు వచ్చినవారు లేరు. ఖర్చు హెచ్చగునని అందరును వెనుకాడిరి.

మాటలతో కానిది పందెముతో రుజువు చేయవలెనని పి99 అను పందెపు కారును నిర్మించిరి. అది పందెమునకు దిగుటకు ముందే, 1960 అక్టోబరు 25న ఫెర్గూసన్ మరణించెను. 1961 సెప్టెంబరు 23న ఇంగ్లండులోని ఓల్టన్ పార్కున దారి తడిసియున్న దినమున స్టర్లింగ్ మాస్ ఆ కారు నడిపి గోల్డు కప్పు గెలిచెను. ఫార్ములా 1 పందెములలో నాలుగు చక్రముల చోదనముగల కారు గెలుచుట అదియే మొదలు, అదియే తుది. సంకల్పించినవాడు ఆ విజయమును కన్నులార చూడలేకపోయెను.

తుదకు వెస్ట్ బ్రామ్‌విచ్ పట్టణమందలి జెన్సెన్ అను చిన్న సంస్థ ధైర్యము చేసెను. 1966లో వారు వెలువరించిన కారుకు జెన్సెన్ ఎఫ్ఎఫ్ అని పేరు. ఆ రెండక్షరములు ఫెర్గూసన్ సూత్రమునకు గుర్తు. సంపన్నులు కొను, తోలు ఆసనములుగల, ఆరు లీటర్లకు మించిన క్రైస్లర్ ఇంజను కలిగిన విలాసశకటమున నిత్యమును నాలుగు చక్రములకు బలమందించు పద్ధతి అమరుటకు అదియే నాంది.

దాని నిర్మాణము తెలిసికొనదగినది. కాడిని నొగకు సరిగ నడుమగాక కొంచెము ఒకవైపునకు జరిపి కట్టినచో, ఆ దగ్గరివైపున ఉన్న ఎద్దుపై బరువు హెచ్చును, రెండవదానిపై తగ్గును. బలమైన ఎద్దును, లేత ఎద్దును జతకట్టునప్పుడు రైతు పాటించు ఉపాయమిది. జెన్సెన్ కారు నడుమ డిఫరెన్షియల్ నందు సూర్యుని చుట్టు గ్రహములవలె ఒకదాని చుట్టు ఒకటి తిరుగు పళ్ళ చక్రములను అమర్చి, ఇదే ఫలమును సాధించిరి. బలములో నూటికి 37 పాళ్ళు ముందు చక్రములకు, 63 పాళ్ళు వెనుక చక్రములకు పోవును. కారు వేగము పుంజుకొనునప్పుడు బరువు వెనుకకు వాలును గనుక వెనుక చక్రములకు ఎక్కువ పాలు ఇచ్చుట యుక్తము. ముందు వెనుకల వేగములకు నడుమ మలుపునకు కావలసినంత భేదమును మాత్రము అనుమతించి, అంతకు మించినచో బిగించివేయు క్లచ్చులను పెట్టిరి. స్వేచ్ఛకు ఎల్ల ఏర్పరచుటయే ముడి విడుటకు మార్గమైనది. దీనికి తోడు, విమానములకొరకు డన్లప్ సంస్థ తయారుచేసిన మాక్సరెట్ అను సాధనమును బ్రేకులకు జతచేసిరి. బ్రేకు త్రొక్కినప్పుడు చక్రములు బిగుసుకొని జారకుండ అది కాపాడును.

ఇంతటి కారు 1971 వరకు 320 మాత్రమే తయారయ్యెను. వెల హెచ్చు. ఆ అమరికతో కుడివైపున స్టీరింగుగల కారునే నిర్మించిరి గనుక ఎడమవైపు స్టీరింగు కోరు అమెరికా వర్తకము దానికి దక్కలేదు. వ్యాపారదృష్టితో చూచినచో అది ఓటమియే. కాని విద్య ఓడలేదు. టోనీ రోల్ట్ 1971లో వేరొక సంస్థను స్థాపించి ఆ కృషిని కొనసాగించెను. వారు క్లచ్చులకు బదులు చిక్కని సిలికోను ద్రవముతో నిండిన పెట్టెను ఉపయోగించిరి. బెల్లపు పాకములో గరిటెను మెల్లగ త్రిప్పినచో సులభముగ తిరుగును. వడిగ త్రిప్పబోయినచో పాకము ఎదురు నిలుచును. అట్లే ఆ పెట్టెలోని పలుచని బిళ్ళలలో ఒకటి విడిచి ఒకటి ముందు ఇరుసునకు, తక్కినవి వెనుక ఇరుసునకు చెందియుండును. మలుపులోని స్వల్పభేదమును ద్రవము అడ్డగింపదు. ఒక ఇరుసు జారి అతివేగమున తిరుగబోయినప్పుడు అడ్డగించును. 1979లో అమెరికాయందు వెలువడిన ఏఎంసీ ఈగిల్ కారులో ఈ పెట్టె నెలకొనెను. 1985లో జర్మనీ సంస్థ బీఎండబ్ల్యు తన 325 ఐఎక్స్ కారుకు ఈ విధానమునే గ్రహించెను. అందును ముందునకు 37, వెనుకకు 63 పాళ్ళే. ట్రాక్టరు రైతుబిడ్డ నాటిన విత్తు పరదేశమున పంటకు వచ్చెను.

ఈలోపున జర్మనీలోనే ఆడి సంస్థ వేరొక త్రోవ త్రొక్కియుండెను. 1977 శీతకాలమున ఫిన్లండు మంచుదారులలో ఆ సంస్థవారు కార్లను పరీక్షించుచుండిరి. వెంటవచ్చిన ఇల్టిస్ అను సైనికశకటము 75 గుఱ్ఱపు శక్తి మాత్రమే కలదైనను, నాలుగు చక్రములతో నడుచునది గనుక, బలమైన కార్లను మించి పోవుచుండెను. అది చూచిన ఇంజనీరు యోర్గ్ బెన్సింగర్ ఈ పద్ధతిని ప్రయాణికుల కారునందు ప్రవేశపెట్టుదమని పై అధికారి ఫెర్డినాండ్ పీయెక్‌తో చెప్పెను. పీయెక్ మరెవరో కాడు, 1900లో నాలుగు మోటార్ల కారును నిర్మించిన పోర్షేకు దౌహిత్రుడు. 1978 జనవరిలో ఆస్ట్రియాలోని టుర్రాఖ్ కొండదారిపై మామూలు టైర్లతోనే వారి నమూనా కారు మంచులో పైకెక్కెను.

ఆడి ఇంజనీర్ల ముఖ్యమైన నేర్పు గేరుపెట్టెలోని ఒక బోలు దండమున కలదు. దాని నిడివి 263 మిల్లీమీటర్లు. గొట్టములో గొట్టమువలె, బోలు దండము బలమును వెనుకకు నడుమ డిఫరెన్షియల్ వద్దకు కొనిపోవును. అందుండి సగము దాని లోపలనే యున్న సన్నని దండముగుండ తిరిగి ముందు ఇరుసునకు వచ్చును. సగము వెనుక ఇరుసునకు పోవును. దీనిచే జీపులోవలె బలమును పంచుటకు వేరొక పెద్దపెట్టె అవసరము లేకపోయెను. బరువు తగ్గెను, స్థలము కలిసివచ్చెను, ఖర్చు దిగెను. 1980 మార్చిలో జెనీవా ప్రదర్శనయందు క్వాట్రో అను పేర ఈ కారు వెలువడెను. 1981లో ఇటలీలోని సాన్‌రేమో ర్యాలీలో మిషెల్ ముటో అను ఫ్రెంచి వనిత దీనిని నడిపి గెలిచెను. ప్రపంచ ర్యాలీ పందెమున స్త్రీ గెలుచుట అదియే ప్రథమము. 1982, 1984 సంవత్సరములలో ఆడి సంస్థ నిర్మాతల ప్రపంచవిజేతగ నిలిచెను. జెన్సెన్‌కు దక్కని కీర్తియు వ్యాపారమును క్వాట్రోకు దక్కెను.

తొలి క్వాట్రోలో బురద వచ్చినప్పుడు డిఫరెన్షియల్‌ను చోదకుడే బిగింపవలసియుండెను. 1986లో ఆడి సంస్థ అమెరికావాసి వర్నన్ గ్లీస్‌మన్ కల్పించిన టోర్సెన్ అను సాధనమును నడుమ నమర్చెను. ఇందు మరచుట్ల పళ్ళ చక్రములు కలవు. మర తన జతచక్రమును సులభముగ త్రిప్పగలదు. జతచక్రము మరను అంత సులభముగ త్రిప్పజాలదు. ఒకవైపు పట్టు తగ్గినచో ఈ బిగువుచేత బలము తనంతట పట్టుగలవైపునకు హెచ్చుగ పోవును. చోదకుని చేయి అవసరము లేదు.

అటుపిమ్మట యంత్రమునకు గణకయంత్రము తోడయ్యెను. మెర్సిడెస్ సంస్థ 1985లో ప్రకటించిన ఫోర్‌మాటిక్ విధానమున కారు మామూలుగ వెనుక చక్రములతో నడుచును. చక్రము జారుటను కనిపెట్టిన వెంటనే ముందు చక్రములకు బలము తనంతట చేరును. 1986 నాటి పోర్షే 959 కారులో బలము పంచు పాళ్ళను గణకయంత్రమే దారినిబట్టి మార్చుచుండెను. 1997లో మెర్సిడెస్ ఎం తరగతి కార్లయందు జారుచున్న చక్రమును బ్రేకుతో పట్టి ఆపు పద్ధతి వచ్చెను. లాగని ఎద్దువైపు కాడిని ఎవరైన గట్టిగ పట్టి నిలిపినచో రెండవ ఎద్దు బలము బండికి చేరును గదా, ఇదియు అట్టిదే. బీఎండబ్ల్యు సంస్థ 2003లో తెచ్చిన ఎక్స్‌డ్రైవ్ నందు విద్యుత్తు మోటారు క్లచ్ బిళ్ళలను క్షణములో బిగించి సడలించి, ముందునకు పోవలసిన బలమును నిర్ణయించును. 2018లో రోల్స్ రాయిస్ సంస్థ సైతము తన చరిత్రలో మొదటిసారిగ కల్లినన్ కారుకు నాలుగు చక్రముల చోదనము నమర్చెను.

చరిత్ర ఇప్పుడు మొదటికి తిరిగి వచ్చినది. 2014లో టెస్లా సంస్థ ముందు ఒకటి, వెనుక ఒకటిగ రెండు విద్యుత్తు మోటార్లుగల కారును వెలువరించెను. 2021లో క్రొయేషియాకు చెందిన రీమాక్ నెవెరా కారులో చక్రమునకొకటి చొప్పున నాలుగు మోటార్లు కలవు. ముందు వెనుకలను కలుపు దండము లేదు, నడుమ డిఫరెన్షియల్ లేదు. పోర్షే 1900లో తలపెట్టినదే నూటయిరువది యేండ్ల తరువాత తేలిక బ్యాటరీలతోను గణకయంత్రముతోను సఫలమయ్యెను.

అయినను ఒక హెచ్చరిక అవసరము. నాలుగు చక్రముల చోదనము కారును కదిలించుటకును, వేగము పుంజుకొనుటకును తోడ్పడును. కారును ఆపుటకు అది తోడ్పడదు. ఆపునవి బ్రేకులు, బ్రేకులు అన్ని కార్లలోను నాలుగు చక్రములకును కలవు. జారు దారిలో టైరునకు గల పట్టు ఎంతో అంతే. దానిని ఏ యంత్రమును పెంచజాలదు. సులభముగ వేగమందుకొన్న కారు అంత సులభముగ ఆగునని నమ్మి ప్రమాదములకు లోనగువారు కలరు. ఫెర్గూసన్ బృందమువారు చోదనమునకు తోడుగ బ్రేకులు బిగుసుకొనకుండు సాధనమును కూడ చేర్చుటలో గల దూరదృష్టి ఇదియే. నేడు ఆ సాధనము సామాన్యుల కార్లయందును కలదు.

స్పైకర్ సోదరుల కారు ప్రదర్శనశాలకు చేరినది. జెన్సెన్ సంస్థ 1976లో మూతపడెను. ఫెర్గూసన్ తన సూత్రముతో నడచు విలాసశకటమును విపణిలో చూడకయే కన్నుమూసెను. వారెవరును తమ శ్రమఫలమును పూర్ణముగ అనుభవింపలేదు. అయినను ఒకరు వ్రాసియుంచిన లెక్కను, గీసియుంచిన పటమును తరువాతివాడు తెరచి చదివెను. దానికి తన పాలు చేర్చి ముందుకు నడిపెను. గ్రంథాలయపు బీరువాలో ఏండ్ల తరబడి ఎవరును ముట్టని పుస్తకము ఒకనాడు తగిన పాఠకుని చేతికి చిక్కి ఫలించుటయు ఇట్టిదే.